చుట్టపుచూపు

పొయ్యి అంటుకోవడం లేదు. రాత్రి వానకి జీడికట్టెల మోపు పైవరసంతా నానిపోయింది. సింహాద్రమ్మ పీట మీద గొంతుక్కూర్చుని, ఊదుగొట్టం నోటికి ఆనించుకుని, బుగ్గలు పొంగించి ఊదింది. పొగ ముందు నేలబారుగా పాకి, తర్వాత లేచి, రేకుల కింద సుడి తిరిగి రోడ్డు మీదికి పోయింది. ఆమె ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంది. ఆ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్నా పెద్దా మచ్చలే. బజ్జీల మూకుడులోంచి ఏళ్ల తరబడి చిందిన నూనె గుర్తులవి.

నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు దాటాక, చింతపల్లి రోడ్డు మొదట్లో ఆమె టిఫిన్ బడ్డీ. ఏజెన్సీ బడులకి వెళ్లే టీచర్లు, కృష్ణదేవిపేట ఆటోల వాళ్లు, పసుపు మూటలతో దిగిన కొండవాళ్లు అక్కడే నిలబడి తింటారు. ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ‘అమ్మా, ఇక్కడో ప్లేటు’ అంటారు, అంతే. భర్త దేవుళ్లు ఆటో తోలుతాడు. ఒక్కతే కూతురు అనకాపల్లిలో కాపురం చేసుకుంటోంది. ఎవరైనా నీ కథ చెప్పమంటే సింహాద్రమ్మ నవ్వేసి, అట్లకాడ తిరగేసి, మరో అట్టు వేసేది.

ఆమె వెనక, ప్లాస్టిక్ స్టూలు మీద, అన్న మత్స్యలింగం కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఎండిన తాటికమ్మలాంటి ఒళ్లు, పలుచటి తెల్లమీసం. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఫొటో తీయించుకునేవాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు. మామూలుగా ఈపాటికి అతని ముందు ఉల్లిపాయల గంప ఉండాలి.

“పోనీ అల్లమైనా దంచనీ సెల్లీ. సేతులు ఊరుకోవడం నేదు,” అన్నాడు.

“కూకో అన్నియ్యా. దేన్నీ ముట్టుకోకు. ఆల్లొచ్చి ఎల్లేదాకా నువ్వు సుట్టానివి.”

వాళ్లంటే పోలీసులు. ఇవాళ వాకబుకి వస్తారని నిన్న దేవుళ్లు స్టాండులో విని వచ్చాడు.

మత్స్యలింగం బర్మా దేశస్థుడు. అతని పాసుపోర్టు అక్కడిది. చుట్టాల్ని చూసిపోయే వీసా మీద వస్తాడు. ఇచ్చినన్నాళ్లూ ఉంటాడు. గడువు దగ్గరపడగానే బ్యాంకాక్ మీదుగా రంగూను వెళ్లి, కూతురింట్లో కాస్త మసిలి, మళ్లీ వీసా చేతికి రాగానే విశాఖలో దిగుతాడు. మూడేళ్లుగా ఇదే వరస. ఈసారి దిగినప్పుడు విమానాశ్రయంలో ఆఫీసరు అతని పాసుపోర్టు ముందుకీ వెనక్కీ తిప్పి పక్కకి రమ్మన్నాడు.

“వచ్చారు, వెళ్లారు. వచ్చారు, వెళ్లారు. ఉండటమేమో నెలల తరబడి. ఇది చూసిపోయేవాళ్లకిచ్చే వీసా అండీ. ఎవర్ని చూస్తున్నారు?”

“సెల్లెల్ని.”

“చెల్లెల్ని చూడ్డానికి ఎన్నాళ్లు పడుతుంది?”

అది వెటకారమని మత్స్యలింగానికి తట్టలేదు. నిజంగానే ఎన్నాళ్లు పడుతుందా అని ఆలోచిస్తూ నిలబడిపోయాడు. ఆ మౌనమే అనుమానాన్ని పెంచింది. విమానంలో తనతో వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక కూడా అతను బెంచీ మీదే ఉన్నాడు. చివరికి వదిలారు గాని, కబురు నర్సీపట్నం స్టేషనుకి చేరింది. ఇంటికొచ్చాక ఆ సంగతి చెల్లెలికి చెప్పి, “ఎన్నాళ్లు పడతాదో నాకూ తెల్దు సెల్లీ, నీకేమైనా తెలుసా?” అని అడిగాడు. ఆమె నవ్వింది. తర్వాత ఆ ప్రశ్న ఆమెనూ పట్టుకుంది.

వాళ్ల అమ్మానాన్నలు రంగూనులో ఉండేవారు. అక్కడ తెలుగువాళ్లకి రోజులు బాగోక ఓడలెక్కి తిరిగొచ్చేస్తున్న కాలంలో వాళ్లూ బయల్దేరారు. రేవులో డాక్టరు మూడేళ్ల మత్స్యలింగం నుదురు పట్టుకు చూశాడు. జ్వరం. ఒళ్లు కాలుతున్న పిల్లవాణ్ని ఓడ ఎక్కించడానికి వీల్లేదన్నాడు. పెద్దమ్మ చేతుల్లో పెట్టి, తర్వాతి ఓడలో పంపెయ్యమని చెప్పి ఎక్కేశారు. పెద్దమ్మ కుటుంబం రానూలేదు, పిల్లవాడు కదలనూలేదు. ఇక్కడ నాన్న తాండవ రిజర్వాయరు పనుల్లో మట్టి మోశాడు. ఆ గుడిసెల్లోనే సింహాద్రమ్మ పుట్టింది. అన్న ఉన్నాడని తెలుసు గాని, అతను ఆమెకి ఒక మాట మాత్రమే. అన్నం పెట్టినప్పుడల్లా అమ్మ తలెత్తి ఎటో చూసి ఒక మాట అనేది: “తమిన్ సా పీబీలా.” చుట్టుపక్కల ఎవరికీ ఆ మాట తెలీదు. దణ్ణం పెట్టుకునే మంత్రం కాబోలనుకునేది సింహాద్రమ్మ.

అమ్మ పోయిన చాలా ఏళ్లకి, రంగూను నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన విశాఖ బర్మా క్యాంపులో ఒక పెళ్లిలో ఎవరో ఎవర్నో ఆరా తీస్తే, పేర్లు కలిసి, ఊళ్లు కలిసి, ఫోన్లో ఒక ముసలాయన మొహం కనిపించింది. ఆ మొహం మొట్టమొదట అన్న మాట, “తమిన్ సా పీబీలా.” అన్నం తిన్నావా అని అర్థమట. బర్మాలో మనిషి మనిషిని పలకరించే మాటే అది. సింహాద్రమ్మ ఫోను దేవుళ్లు చేతికిచ్చి, వెనక్కి వెళ్లి కుండీ దగ్గర చాలాసేపు మొహం కడుక్కుంది.

మొదటిసారి అతను వచ్చినప్పుడు, “మీ అన్న దేనికో ఆశపడి వస్తన్నాడే,” అన్నాడు దేవుళ్లు. “మనకాడేటుందని ఆశపడతాడు?” అంది. కాని ఆమెకీ అంతుచిక్కేది కాదు. అతను ఊరు చూపించమనడు. అప్పన్న దర్శనానికి వెళ్దామంటే మళ్లీ చూద్దామంటాడు. ఉల్లిపాయలు తరుగుతాడు, సాయంత్రం కౌసే చేస్తాడు. కొబ్బరిపాల పులుసు పోసి, పైన వేయించిన వెల్లుల్లి చల్లే ఆ బర్మా నూడిల్స్ కోసం కాలేజీ పిల్లలు వరస కడతారు. ఇంకా విచిత్రం, అతను ఎప్పుడూ చెల్లెలికి ఎదురుగా కూర్చోడు. స్టూలు తెచ్చి ముందు వేస్తే, దాన్ని నెమ్మదిగా ఎత్తి ఆమె వెనక్కి మార్చుకుంటాడు. మాట్లాడితే ఆమె వీపుతోనే. సిగ్గేమో అనుకుంది, దేశం కాని దేశం అలవాటేమో అనుకుంది. అడగలేదు.

రెండో వాయి ఇడ్లీలు దించుతుండగా గోవింద్ మోటారుసైకిలు వచ్చి ఆగింది. కోటవురట్ల కుర్రాడు, కానిస్టేబులు. యూనిఫాం వేసుకోలేదు.

“టిఫిన్ తింటావా బాబూ?”

“వద్దండి, డ్యూటీ మీద వచ్చాను.” అన్నాక తనకే ఎలాగో అనిపించి, “తర్వాత తింటాలెండి,” అన్నాడు.

మత్స్యలింగం లేచి నిలబడి పాసుపోర్టు రెండు చేతులతో అందించాడు. గోవింద్ పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాడు.

“ఈయన మీ సొంత అన్నగారని రుజువేమైనా ఉందా అమ్మా?”

“మా అమ్మ సెప్పేది బాబూ.”

“అదికాదండి. మీ నాన్నగారి కాగితాలుంటే ఆయన, మనదేశపు మూలాలున్న విదేశీయులకిచ్చే కార్డుకి పెట్టుకోవచ్చు. అప్పుడిలా మాటిమాటికీ తిరగక్కర్లేదు.”

“నాన్న కాగితాలు గుడిసిలోనే సెదలు తినేసినాయి,” అంది.

గోవింద్ తల గోక్కున్నాడు. గొంతు తగ్గించాడు. “మరి ఇక్కడ పని చేస్తున్నాడని పైకి ఎవరో చెప్పారు. నిజమేనా?”

తింటున్నవాళ్లు నమలడం ఆపారు. సింహాద్రమ్మ చట్నీ గరిటె గిన్నెలోనే ఉంచి పట్టుకుంది.

“ఇంటోడన్నాక ఓ సెయ్యి ఎయ్యడా బాబూ?”

“అక్కడే వచ్చిందండి చిక్కు. ఇంటోడయితే ఈ వీసా మీద ఉండకూడదు. చుట్టమయితే పని చెయ్యకూడదు. నేనూ ఆయన చేత్తో కౌసే తిన్నవాడినే. కాని రాసేటప్పుడు ఏదో ఒకటే రాయాలి. మీరే చెప్పండి.”

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. బదులు రాకపోయినా అమ్మ రోజూ ఎటో చూసి పలకరించిన కొడుకు, తన వెనకే నిలబడి ఉన్నాడు.

“సుట్టమే,” అంది. “సుట్టపుసూపుకి వొచ్చినాడు. పనంతా నాదే.”

గోవింద్ ఫోన్లో అదే రాసుకున్నాడు. పని అయిపోయినా వెళ్లలేదు. పోలీసుతనం పక్కనపెట్టి, ఆత్రం ఆపుకోలేని కుర్రాడిలా అడిగాడు.

“నాకోసం అడుగుతున్నానండీ, రాయడానికి కాదు. అంత దూరం నుంచి, అంత డబ్బు పోసుకుని, ఇన్నిసార్లు ఎందుకండీ? ఇక్కడ ఏం చూస్తారు?”

మత్స్యలింగం మళ్లీ ఆలోచించాడు. ఈసారి జవాబు దొరికినట్టుంది.

“మాయమ్మ మొగం నాకు గుర్తు నేదు బాబూ. ఒక్కటే గుర్తు. పొయ్యి కాడ అటు తిరిగి కూకుని ఊత్తన్నాది. ఈపు అగుపడతన్నాది, మెడమీద సెమట అగుపడతన్నాది. ఎంతకీ ఇటు తిరగదు. అంతే, అక్కడతో ఆగిపోతాది.” అతను గాల్లో చెయ్యి చాపి, ఎదుట ఎవరి భుజాన్నో తాకబోయినట్టు ఆపాడు. “మొదటిసారి వొచ్చిన రోజు ఈ బొట్టి, నా సెల్లి, పొయ్యి ఊదతంటే ఎనకాల నిలబడ్డాను. అదే ఈపు. ఏ మాత్రం తేడా నేదు. దాన్ని సూత్తాను బాబూ. సూసి ఎల్తాను. ఎల్లిపోయినాక మర్సిపోతానేమోనని బయమేసి మల్లీ వత్తాను.”

చింతపల్లి బస్సు హారను కొట్టుకుంటూ మలుపు తిరిగింది.

“ఇది నేనెలా రాయనండీ,” అన్నాడు గోవింద్, ఫోను జేబులో పెట్టుకుంటూ.

“రాయకు బాబూ. సెల్లెల్ని సూడ్డానికని రాసీ.”

గోవింద్ తలూపాడు. వెళ్లేముందు మొహమాటపడుతూనే ఉన్నమాట చెప్పాడు. ఇప్పుడున్న గడువు దాకా ఎవరూ కదపరు. మళ్లీ మాత్రం ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. పైన అప్పుడే ఎర్ర గుర్తు పడిపోయింది.

మధ్యాహ్నం ముగ్గురూ బడ్డీ వెనక గదిలో భోంచేశారు. మత్స్యలింగం ఎప్పటిలాగే చారు చివర్లో తాగాడు. చింతకాయ పచ్చడి బాగుందన్నాడు. తను తిన్న కంచం కడగబోతే సింహాద్రమ్మ లాక్కుంది. “సుట్టాన్ని కదా,” అని నవ్వాడు. ఆ నవ్వులో నిష్ఠూరం ఉందేమోనని ఆమె మొహమంతా వెతికింది. లేదు. ఉంటే బాగుండేది అనిపించింది. పోట్లాడుకుంటే, ఏడిస్తే, ఆ మాట కడిగేసినట్టయ్యేది.

ఆమెకి అడగాలనిపించినవి చాలా ఉన్నాయి. అమ్మ అక్కడ పొయ్యిలో ఏ కట్టె వాడేది? ఊదుతూ దగ్గేదా? నువ్వు పిలిస్తే పలికేదా? మూడేళ్ల పిల్లవాడికి ఇవేవీ గుర్తుండవని తెలిసినా అడగాలనే ఉంది. ఇన్నాళ్లూ అతనే తనని ఏదో ఒకటి అడిగేవాడు. అమ్మకి కోపం వస్తే ఏం చేసేది, నిద్రలో ఏమైనా అనేదా, ఏ కూరంటే ఇష్టం, ఇలాంటివి. అతను అమ్మని ఆమె దగ్గర కొంచెం కొంచెంగా పోగు చేసుకుంటున్నాడని ఇవాళే అర్థమైంది. తనకి అమ్మ దండిగా దొరికింది గనక ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు.

ఎండ వాలాక సాయంత్రం బేరానికి పొయ్యి వెలిగించింది. కట్టె ఇంకా తడిగానే ఉంది. పీట మీద కూర్చుని ఊదుగొట్టం అందుకుంది. వెనక అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. అన్న స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. అలవాటుకొద్దీ ‘ఏటన్నియ్యా’ అని తిరగబోయి ఆగింది. ఆ వీపు తనది కాదిప్పుడు. జారిన కొంగు తీసి నడుముకి దోపుకుంది. వంగి ఊదింది.

కట్టె అంటుకుంది. అయినా ఊదుతూనే ఉంది. మెడ మీద చెమట పట్టింది, తుడుచుకోలేదు. వెనక అడుగులు మెల్లగా రోడ్డు వైపు కదిలాయి. దేవుళ్లు ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆమె వెయ్యింటిలోనైనా గుర్తుపడుతుంది. అది కాంప్లెక్సు వైపు మళ్లింది. సింహాద్రమ్మ తిరగలేదు. మంట మూకుడు అంచు దాటి లేచింది. ఊపిరి ఆడక ఛాతీ నొప్పెట్టినా, ఆ చప్పుడు పూర్తిగా జనంలో కలిసిపోయేదాకా ఊదుతూనే ఉంది.

దేవుళ్లు తిరిగొచ్చేసరికి బజ్జీలు వేస్తోంది.

“వైజాగ్ బస్సెక్కించీసినాను,” అన్నాడు. “విమానం దొరికేదాకా బర్మా క్యాంపులో ఉంటాడంట. ‘గడువుంది కదా బావా, ఉండు’ అన్నాను. ‘నానుంటే ఆ పిల్ల రోజూ నన్ను సుట్టమనాల’ అన్నాడు.”

ఆమె మూకుడులోకే చూస్తోంది. “ఇంకేటన్నాడు?”

“బస్సు కదిలినాక కిటికీలోంచి కేకేసినాడు, పొద్దున ఉతికిన లుంగీ దండెం మీద ఉండిపోనాదని. బస్సాపమంటాను, బేగి తెచ్చిత్తాను అన్నాను. ఉండనీ అన్నాడు.”

ఆ తర్వాత అతను పెట్టుకున్న వీసా రాలేదు, మళ్లీ పెట్టుకున్నదీ రాలేదు. ఫోన్లో మొహాలు చూసుకుంటూనే ఉన్నారు. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం కాలేజీ పిల్లలు వచ్చి కౌసే లేదా అమ్మా అని అడిగితే, లేదని చెప్పి, బజ్జీలు పొట్లం కట్టి ఇచ్చి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది.

రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన దండెం మీద, ఆమె చీరకీ దేవుళ్లు చొక్కాకీ నడుమ, ఆకుపచ్చ గళ్ల లుంగీ గొట్టంలా గాలి నింపుకుని, లోపల ఎవరో నిలబడి ఉన్నట్టు పొంగి, మెల్లగా పక్కకి తిరుగుతోంది.