తెర మీద కోటు

మా కోర్టు టైపు గదిలో లుబోవా కంప్యూటర్ తెర మీద ఎప్పుడూ ఆయన కోటే వేలాడుతూ ఉండేది. పుట్టుగుడ్డి మనిషికి తెరతో పనేముంది? ఒక చెవిలో రికార్డరు, ఇంకో చెవిలో కంప్యూటర్. రికార్డరులో సాక్షి మాట్లాడుతుంటే ఆయన టకటకా కొట్టుకుంటూ పోయేవాడు, కొట్టిందల్లా కంప్యూటర్ గొంతు చదివి వినిపించేది. నీ తెర కరెంటు తాగుతుంది, నా తెర కోటు మోస్తుంది, రెండిట్లో ఏది పనిమంతురాలో చెప్పు నకిట్యో అని నన్ను ఏడిపించేవాడు. ఆయన కొట్టినవాటికి ప్రింట్లు తీసేది నేనే, ఆయన్ని సెబో అని, అంటే అయ్యా అని, పిలిచేదాన్ని. మనిషికి పొగరు ఎక్కువ. పని మీద పిచ్చి ప్రేమ కూడా అంతే ఎక్కువ.

ఆ వర్షాకాలం కంపాలా నుంచి అపోలో అనే అతను వచ్చి గదిలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ ఆపరేటింగ్ సిస్టం మార్చేశాడు. పాతదానికి ఏటా లైసెన్సు కట్టాలట, కొత్తది ఉచితమట. నాకు తెర మీద బొమ్మలు అటూ ఇటూ అయ్యాయి, కాసేపు తిట్టుకుని అలవాటు పడ్డాను. లుబోవాకి మాత్రం గొంతే పోయింది. చదివి వినిపించేది కొత్తదాంట్లోనూ ఉందట గానీ ఆయన పాత పెట్టెలో శబ్దం పలకడం లేదట, దానికేదో తేవాలట, మళ్లీ వస్తాడట. అందాకా ఈ మనిషి ఏం చెయ్యాలయ్యా అంటే, "సార్ వేళ్లకి అన్నీ తెలుసు కదా మేడమ్" అని నవ్వుతూ బ్యాగు సర్దుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

గట్టిగా అడగాల్సింది లుబోవా. అడగలేదు. ఈ గుడ్డాయన్ని ఇంటికి పంపిస్తే ఆ కుర్చీలో కళ్లున్న పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని రిజిస్ట్రారు కరుహాంగా అప్పటికే అందరి ముందూ అనేశాడు. గొంతు లేకపోతే పని చెయ్యలేనని నోరు విప్పితే కుర్చీ పోయినట్టే. అందుకని ఆ గొంతు తోడుకే గానీ పనికి కాదని కోతలు కోసి, కోటు విప్పి తెర మీద వేసి కూర్చున్నాడు. కొన్ని వాంగ్మూలాలు ఆ మూగపెట్టె మీదే లేవకుండా కొట్టేశాడు. ప్రింట్లు తీసి చూస్తే అక్కడక్కడా ఒక అక్షరం పోయింది తప్ప బాగానే ఉన్నాయి.

అప్పుడు వచ్చింది నాలోంగో సాక్ష్యం. కవలల తల్లి కాబట్టి ఊరంతా ఆమెని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. గొంతులో పుండు. మనవరాలు నబ్బోసా ఆమెని చాప మీద మోయించుకుని తెచ్చింది. వాళ్ల ఇల్లూ, అరటితోటా, కాఫీ చెట్లూ ఉన్న నేల తనదేనని ముసలామె మొగుడి తమ్ముడి కొడుకు కిసిటు కేసు వేశాడు. కాగితాలేమీ లేవు, నాటిన హద్దు మొక్కలూ మిగల్లేదు. హద్దు మొక్కలు నాటిన రోజు చూసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. బావి దగ్గర మొదలైన హద్దు ముసలామె మామగారి సమాధి దగ్గర ఆగుతుందా, ఇంకా ముందుకెళ్లి మొగుడి సమాధి దాకా పోతుందా అన్నదే తగువు. ఆ రెండు సమాధుల మధ్యే ఇల్లూ తోటా ఉన్నాయి. మొగుడి సమాధి దాకా అయితే అవి నబ్బోసావి. లేదంటే ఆ పిల్లకి నిలువ నీడ లేదు.

సాక్ష్యం ముగిశాక రికార్డరు లుబోవా బల్ల మీదికి వచ్చింది. ఆయన కేసు నంబరు, సాక్షి పేరు, ప్రమాణం కొట్టి, భద్రం చేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎప్పుడూ అలా ఆగేవాడు కాదు. ఏమైందని నేను అడిగితే, "గుక్క గుక్కకీ దగ్గుతోంది, పాపం. ముక్కలు ముక్కలుగా వింటే ఆమెని అవమానించినట్టు ఉంటుంది. ముందు మొత్తం వింటాను" అన్నాడు. తల వంచుకుని చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత మొదలుపెట్టి సాయంత్రం దాకా కొట్టి, మళ్లీ భద్రం చేసి, రికార్డరు చెరిపేశాడు. రెండు కోర్టు హాళ్లకీ ఉన్నది ఆ రికార్డరు ఒక్కటే, అందుకే టైపు అయ్యాక చెరపాలన్నది మా పద్ధతి.

ఆ వారంలోనే నాలోంగో పోయింది. మొగుడి పక్కనే పూడ్చిపెట్టారు. చావింటి గుడ్డ ఇంకా నడుముకి ఉండగానే నబ్బోసా సాక్ష్యం కాపీ కోసం వచ్చి వరండాలో కూర్చుంది. నేను ఫైలు తెరిచాను. కేసు నంబరు ఉంది. పేరు ఉంది. ప్రమాణం ఉంది. దాని కింద ఏమీ లేదు.

లుబోవా అప్పుడే కాల్చిన గోంజా అరటిపండు తిని, చేతులు తుడుచుకుని, ఇంకో వాంగ్మూలం కొడుతున్నాడు. నేను లేచి వెళ్లి కోటు పక్కకి లాగాను. తెర మీద తాళం బొమ్మ ఉంది, దాని కింద పాస్‌వర్డ్ గడి. ఆయన వేళ్లు పరిగెడుతున్నాయి, గడిలో చుక్కలు నిండుతున్నాయి. కొత్త పేరా కోసం మీట నొక్కగానే పాస్‌వర్డ్ తప్పు అని చూపించి చుక్కలన్నీ మింగేసింది. మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. కాసేపు ముట్టుకోకపోతే ఈ కొత్త వ్యవస్థ తాళం వేసుకుంటుంది. పాతది వేసుకునేది కాదు. ముసలామె మాటలు ఆయన తల వంచుకుని విన్నంతసేపూ కోటు కింద అదే జరిగింది.

చెప్పాను. ఆయన చేతులు పొయ్యి తగిలినట్టు పైకి లేచాయి. "రికార్డరు..." అన్నాడు.

కుర్చీ నా వైపు తిప్పి, తను రెండుసార్లు విన్నాడు కాబట్టి చెప్తాడనీ, నన్ను కొట్టమనీ అన్నాడు. నేను కూర్చున్నాను. ఆయన చెప్తుంటే నాలోంగోయే మాట్లాడుతున్నట్టు ఉంది. బావి, ఆ రోజు కురిసిన వాన, గునపం ఎవరి చేతిలో ఉంది, ఎవరు తాగి వచ్చారు, అన్నీ చెప్పాడు. హద్దు ఎందాకా అన్న దగ్గర ఆగిపోయాడు.

"ఒక సమాధి పేరు చెప్పి, దగ్గి, కాదు కాదు అని రెండోది చెప్పింది. ఏది ముందు చెప్పిందో గుర్తు రావడం లేదు నకిట్యో."

"కొట్టేటప్పుడు విన్నారుగా?"

"కొట్టేటప్పుడు మాట చెవిలోంచి వేళ్లలోకి పోతుంది. బుర్రలో ఆగదు."

నేను లేచి తలుపు వేశాను. నాకేం సిగ్గు లేదు చెప్పడానికి. "మొగుడి సమాధి అని రాసేద్దాం సెబో. ఆ పిల్ల బయటే కూర్చుంది. ఎవరికి తెలుస్తుంది?"

"ఆమె మామగారి సమాధి అని చెప్పి ఉంటే?"

"ఉంటే ఉండనివ్వండి."

తల అడ్డంగా ఊపాడు. "ఊపిరాడని మనిషి, ఆ ఒక్క మాట కోసం మళ్లీ నోరు తెరిచి దిద్దుకుంది. దాని మీద నేను బొమ్మా బొరుసూ వెయ్యలేను." తెర మీంచి కోటు తీసుకుని తొడుక్కుని, గోడ పట్టుకుంటూ వరండాలోకి నడిచాడు. నబ్బోసాకి తనే చెప్పాడు. ఆ పిల్ల అరవలేదు, శాపాలు పెట్టలేదు. "మా జాజా అంత కష్టపడి మాట్లాడింది కదా సెబో, ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయి?" అని అడిగింది. ఆయన అక్కణ్నుంచి రిజిస్ట్రారు గదికి వెళ్లి జరిగింది చెప్పాడు.

మేజిస్ట్రేటు ముందు నబ్బోసా తను విన్నది చెప్పింది, కిసిటు వకీలు తను విన్నది చెప్పాడు. తన చెవులతో విన్నదైనా కాగితం మీద లేనిది లెక్కలోకి తీసుకోలేనన్నాడు మేజిస్ట్రేటు. నేల కిసిటుది అయింది. కాఫీ కోతకి ముందే ముళ్లకంచె వేయించాడు. నబ్బోసా ఇప్పుడు అవ్వ సమాధి దగ్గరికి వెళ్లాలన్నా అతన్ని అడిగి వెళ్లాలి. లుబోవాని ఆ వారమే ఇంటికి పంపించేశారు.

అపోలో మాత్రం మాట తప్పలేదు. తర్వాతెప్పుడో చిన్న తీగముక్క పట్టుకొచ్చి ఆ పెట్టె వెనక గుచ్చాడు. లుబోవా కుర్చీలో కొత్తగా వచ్చిన అమ్మాయి పక్కన నిలబడి గోళ్లు చూసుకుంటోంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోయేసరికి గదంతా వినబడేలా, తెరకి తాళం పడింది, పాస్‌వర్డ్ కొట్టండి అని స్పష్టంగా పలికింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి, ఇది ఇలా మాటిమాటికీ అరుస్తుందా, ఆపెయ్యండి అంది. అపోలో ఒక మీట నొక్కి ఆపేశాడు.