అడగకుండా లాగిన కేబుల్

పనిముట్లంటే నాకు ప్రేమ. వాటిని తీసుకుపోయేవాళ్ళంటే ఒళ్ళుమంట. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ స్టోర్సులో నా ఉద్యోగం అదే. అడిగినవాళ్ళకి ఇవ్వడం, ఇచ్చినదాని కోసం ఆ తర్వాత ఆఫీసంతా కాళ్ళరిగేలా తిరగడం. నిలువెత్తు నిచ్చెనని మాయం చేసి, "నేనా? నాకెప్పుడిచ్చావ్?" అని మొహం మీదే నవ్విన ఘనులున్నారు మా ఆఫీసులో. అంచేత కొత్త పనిముట్టు ఏదొచ్చినా నేను సంబరపడను.

ఈసారి వచ్చింది చూడ్డానికి పెద్ద గొప్పగా ఏం లేదు. జానెడు పొడవు, సన్నటి ముక్కు, వెనకాల స్ప్రింగున్న పిడి. పెట్టె మీద కనెక్టర్ పుల్లర్ అని రాసి ఉంది. మేం దాన్ని పటకారు అన్నాం. మా మెషీన్ రూములో ర్యాకుల నిండా కేబుళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ గుచ్చి ఉంటాయి. ప్రతి కేబుల్ కొసనా ఒక ప్లాస్టిక్ కనెక్టర్, దాని నెత్తిన ఒక చిన్న కొక్కెం. ఆ కొక్కేన్ని నొక్కితేగానీ కనెక్టర్ ఊడిరాదు, నొక్కుదామంటే వేలు పట్టే సందుండదు. పటకారు ముక్కు ఆ సందులో దూరుతుంది, కొక్కేన్ని నొక్కి పడుతుంది. పిడి లాగితే ఆ ఒక్కటీ తిన్నగా బయటికొస్తుంది. మంచి పనిముట్టు, కాదనను.

కానీ దాన్ని చూడగానే నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆ పని చేస్తున్నది మా అక్కా, ఆవిడ కోడలూ.

అక్క ర్యాకుకి ముందు నిలబడుతుంది, కోడలు వెనక. అక్క గోరుతో కొక్కెం నొక్కి కేబుల్ లాగాలంటే, వెనకనించి కోడలు కేబుళ్ళ కట్ట సడలించి కాస్త ముందుకి వదలాలి. ఇద్దరికీ మధ్య మనిషెత్తు ఇనప ర్యాకు. ఒకరికొకరు కనపడరు కాబట్టి అడిగి లాగాలి. "ఇవ్వు" అంటుంది అక్క. "ఇచ్చా" అంటుంది కోడలు. ఊడొచ్చాక "తీశా" అంటుంది అక్క. అవతలనించి జవాబు రాకుండా అక్క ఏనాడూ లాగలేదు.

అత్తాకోడళ్ళు ఎంత ముచ్చటగా పనిచేసుకుంటున్నారో అనుకునేరు! ఆ మూడు ముక్కలు తప్ప వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. మేనల్లుడికి పెళ్ళయిన కొత్తల్లో అందరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఓ రోజు ఏదో రభస జరిగింది. కోడలు మొగుణ్ణి తీసుకుని వేరు కాపురం పెట్టింది. "పో, మళ్ళీ నా గుమ్మం ఎక్కకు" అంది అక్క. ఆ పిల్ల ఎక్కలేదు. మేనల్లుడు మాత్రం ఒంటరిగా వచ్చి, తల్లి పెట్టింది తిని, తలొంచుకుని వెళ్ళిపోతుంటాడు. అసలు గొడవ దేనికే అని అక్కని అడిగితే "నీకెందుకురా" అంది. వాణ్ణి అడిగితే "వద్దులే మావయ్యా" అన్నాడు.

మెషీన్ రూములో మిగతా మాటలన్నిటికీ నేనే దిక్కు. "ఒరేయ్, ఆవిడగార్ని ఆ దీపం కాస్త ఇటు తిప్పమను" అంటుంది అక్క. ఆవిడగారు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుంది. "బాబాయ్, ముందు పై వరస తీస్తే బాగుంటుందని చెప్పండి" అంటుంది కోడలు. ఆ మాట నేను తిప్పి చెప్పేలోపే అక్క పై వరస మీద చెయ్యి వేసేసి ఉంటుంది. నేను స్టోర్సుకి తాళం వేసుకుని వచ్చి, ఇద్దరూ విన్నదాన్నే మళ్ళీ వల్లించాలి. నా ఖర్మ.

అయినా ఆ మూడు ముక్కలంటే నాకు ప్రాణం. రోజంతా 'ఇవ్వు', 'ఇచ్చా' అనుకునే మనుషులు ఏదో ఒకనాడు నాలుగో మాట అనకపోతారా అని నా ఆశ. ఇంట్లో ఎటూ తలుపు మూసుకుపోయింది. మిగిలింది ఆ ర్యాకే.

కొత్త ఇంజనీరు మర్యాదస్తుడు, ఏదీ దాచుకోడు. పటకారు పెట్టె విప్పుతూనే చెప్పేశాడు. "ఇది సరిగ్గా పనిచేస్తే వెనక మనిషి అక్కర్లేదు. ఊరవతల కొత్త బిల్డింగులో మనుషులు చాలట్లేదు, అక్కడికి పంపిద్దాం." వెనక మనిషంటే కోడలు. ఆ పిల్ల అక్కడికి పోతే ఇక అత్తా కోడలూ ఒకరి గొంతు ఒకరు వినే అవకాశమే లేదు. ఆయనకది తెలీదు. తెలిసినా చేసేదేముంది?

అక్క స్టోర్సుకొచ్చి, పాత ర్యాకు ముక్క ఒకటి ముందేసుకుని పటకారుతో అలవాటు చేసుకుంటోంది. నేను పక్కన కూలబడ్డాను.

"అక్కా, ఇది పనికిరాదని ఒక్క మాట అనెయ్యవే."

"అబద్ధమాడమంటావా?"

"అబద్ధమని కాదు. కాస్త చేతికి ఇబ్బందిగా ఉందనో, ముక్కు జారుతోందనో..."

"వెన్నలో దిగినట్టు దిగుతోందిరా ఇది. ఏ నోటితో అనను?"

"అయితే ఆ పిల్ల వెళ్ళిపోతుంది."

అక్క కనెక్టర్ ఊడదీసింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ ఊడదీసింది. "వెళితే వెళ్ళనీ. నేనేమైనా పట్టుకు కూర్చున్నానా?" అంది. ఆ తర్వాత ఆ ఒక్క కనెక్టర్నే చాలాసేపు తీస్తూ పెడుతూ కూర్చుంది. అప్పటికే పని బాగా వచ్చేసింది, ఆ సాధన ఎందుకో నాకర్థం కాలేదు.

ఇక కోడలి దగ్గరికి పోయాను. ఆ పిల్ల క్యాంటీనులో టీ చల్లార్చుకుంటోంది.

"నువ్వైనా వెళ్ళనని చెప్పొచ్చుగా అమ్మాయ్."

"పని పనే బాబాయ్. వెనక మనిషి అక్కర్లేనప్పుడు వెనక నిలబడి ఏం చెయ్యను?"

"అది కాదే..."

"వెళ్ళొద్దని అనాల్సినవాళ్ళు అనాలి. నేనే వెళ్ళనని దేబిరిస్తానా?" అని గ్లాసు ఖాళీ చేసి లేచిపోయింది. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. చెరో లెంపకాయా ఇచ్చి ఒకే గదిలో పెట్టి గొళ్ళెం పెడితే తెలిసొచ్చేది. కానీ ఒకరు నాకన్నా పెద్ద, ఇంకొకరు నాకన్నా మొండి.

పరీక్ష పెట్టిన ఉదయం మెషీన్ రూములో నలుగురం ఉన్నాం. కోడలు అలవాటు చొప్పున ర్యాకు వెనక్కి నడవబోతే ఇంజనీరు ఆపాడు. "మీరు ఇటొచ్చెయ్యండమ్మా. వెనక ఎవరూ ఉండకూడదు కదా, అదే కదా పరీక్ష." ఆ పిల్ల వచ్చి నా పక్కన గోడకానుకుని నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ఒకసారి కట్టుకుంది, ఒకసారి దించింది.

తీయాల్సింది ఎవరికీ కనెక్షన్ లేని ఉత్త కేబుల్. అక్క పటకారు ముక్కు సందులోకి పోనిచ్చింది. కొక్కెం నొక్కుకున్న చప్పుడు నాక్కూడా వినపడింది. అక్క నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఒక్క గుంజు గుంజింది.

కేబుల్ వచ్చింది. దాంతోపాటు పక్కనున్న రెండు కూడా ఒరిగి, గూటిలోంచి సగం బయటికొచ్చాయి. లైను పనిచేస్తోందని చూపే రెండు పచ్చ దీపాలు ఆరిపోయాయి. ఒకటి బస్సు డిపో లైనుది. రెండోది మా మేనేజరుదే. అక్క చటుక్కున రెండింటినీ లోపలికి నెట్టేసరికి దీపాలైతే వెలిగాయిగానీ, పైనించి మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. "మాట్లాడుతుంటే పోయిందేంటయ్యా లైను! ఏం చేస్తున్నారక్కడ?" అంటూ మేనేజరు దిగొచ్చాడు.

ఇంజనీరు టార్చి పట్టుకుని ర్యాకు వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. వెనక కేబుళ్ళన్నీ కట్టలు కట్టి ఉన్నాయి, బిగుతుగా, ముచ్చటగా, ఒక్క పోగు కూడా వేలాడకుండా. కోడలి పనితనం అది. అంత బిగించి కడితే ఒకదాన్ని లాగినప్పుడు పక్కవి రాక ఏమవుతాయి? కానీ ఆ పిల్ల ఎప్పుడూ అలాగే కట్టేది, ఎందుకంటే అక్క "ఇవ్వు" అనగానే తనే సడలించేది. అక్క వేళ్ళతో తీసేప్పుడు బిగుతు తెలిసేది. పటకారు పిడికి ఏం తెలుస్తుంది? ఇద్దరూ ఒకరి మీద ఒకరు అంతగా ఆనుకుని పనిచేశారు. రెండో మనిషి లేకపోతే కట్టలు సడలించాలని వాళ్ళకీ తట్టలేదు, పక్కనే ఉన్న నాకూ తట్టలేదు.

"ఈ కట్టలు ఎవరు కట్టారు?" అన్నాడు ఇంజనీరు, ఇద్దరం ముందుకి తిరిగొచ్చాక.

కోడలు నోరు విప్పేలోపే అక్క అందుకుంది. "కట్టడంలో తప్పేం లేదు. గుంజింది నేను. నాదే పొరపాటు."

"కట్టింది నేను సార్" అంది కోడలు. "బిగించేశాను. నాదే పొరపాటు."

"బిగించకపోతే వేలాడవూ? సరిగ్గానే కట్టింది. నేనే అడక్కుండా లాగాను."

"నా తప్పు నేను ఒప్పుకోగలను సార్. నా తరఫున ఇంకెవరూ ఒప్పుకోనక్కర్లేదు."

"నీ తరఫున ఎవరొచ్చారే? ఉన్నమాట చెప్తున్నా!"

ఆ 'నీ' వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. అక్క నావైపు చూడకుండా, నన్ను మధ్యలో పెట్టకుండా, నేరుగా ఆ పిల్ల మొహంలోకి చూసి అంది. కోడలు కూడా గోడ వదిలేసి ముందుకొచ్చేసింది.

"ఎప్పుడూ ఇంతే మీరు! నేను చేసిన పని నాది కానివ్వరు. ఆ రోజు చుట్టాలందరి ముందూ నేను కడిగిన గ్లాసులు తీసి మళ్ళీ కడిగారు. ఇప్పుడు నా తప్పు కూడా మళ్ళీ మీరే చేస్తారా?"

గ్లాసులా! ఇన్నాళ్ళ మౌనం వెనకున్నది గ్లాసులా! నేను నోరెళ్ళబెట్టాను. మేనేజరు కూడా లైను సంగతి మర్చిపోయి వింటున్నాడు.

"మరకలుంటే కడగనూ? చుట్టాల చేతికి మరకల గ్లాసులిస్తానా?"

"మరకల్లేవు!"

"ఉన్నాయి!"

"రెండు సార్లు తోమానత్తయ్యా వాటిని! మీరు మెచ్చుకుంటారని తోమాను! మీరేమో వాళ్ళందరూ చూస్తుండగా కొళాయి కిందకి తీసుకుపోయారు. నాకెంత తల కొట్టేసినట్టయిందో మీకు తెలుసా?"

"మరకలున్నాయంటే ఉన్నాయి! ఆ గ్లాసులింకా అల్మారాలోనే ఉన్నాయి. ఇంటికి రా, చూపిస్తా!"

అనేసింది అక్క. అన్నాక తనేమందో తనకే తెలిసింది. పటకారు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు రమ్మంటారు?" అంది కోడలు.

"సాయంత్రం రా" అంది అక్క, ఇంకా కోపంగానే.

ఆ మధ్యాహ్నం కట్టలన్నీ సడలించి మళ్ళీ పరీక్ష పెట్టారు. పటకారు నెగ్గింది. కోడలికి కొత్త బిల్డింగుకి బదిలీ అయింది. నాకు బాధగానే అనిపించింది, మా ర్యాకు ఇక మూగబోయినట్టే కదా. కానీ సాయంత్రం అక్క ఇంటికి అందరికన్నా ముందు చేరుకున్నది నేనే.

మేనల్లుడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. "నిలబడ్డావేం, లోపలికి రా, వెలుతురు పోకముందే చూడాలి" అంది అక్క. అప్పటికే అల్మారాలోని గ్లాసులన్నీ దించి బల్ల మీద పెట్టింది. ఒకటి తీసి కిటికీకెదురుగా పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇందులో లేదు. ఇంకోదాంట్లో ఉండాలి" అని కోడలి చేతికిచ్చి, ఇంకోటి తీసింది. అందులోనూ లేదు. కోడలు కూడా ఒక్కోటీ ఎత్తి చూస్తోంది. మేనల్లుడూ నేనూ గోడవార కూర్చుని చూస్తున్నాం. చివరి గ్లాసు కూడా అయిపోయింది.

"సరే. లేవు" అంది అక్క.

ఆవిడ నోటినించి అంతకన్నా పెద్ద క్షమాపణ నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

గ్లాసులన్నిటికీ ఇద్దరి చేతి ముద్రలూ పడ్డాయి. కోడలు ఏమీ అనకుండా వాటిని కొళాయి దగ్గరికి తీసుకుపోయి కడిగింది. కడిగినవి ఒక్కోటీ అక్కకి అందించింది. అక్క తుడిచి అల్మారాలో పెడుతోంది. ఒకటి మాత్రం తుడుస్తూ తుడుస్తూ వెలుతురుకెత్తి చూసింది, కొళాయి వైపు అడుగు కూడా వేసింది. కోడలి చేతులు నీళ్ళల్లో ఆగిపోయాయి.

అక్క వెనక్కి తిరిగి, ఆ గ్లాసుని ఉన్నదున్నట్టే అల్మారాలో పెట్టేసింది.