పొయ్యి పక్క స్తంభం

మా ఊళ్లో 'నాగలి' అనే పబ్బులో, చలి కాచుకునే పొయ్యి పక్కనున్న ఓక్ చెక్క స్తంభం భుజాల ఎత్తున నున్నగా మెరుస్తుంది. మూడు వందల ఏళ్లుగా దానికి వీపు ఆనించి నిలబడ్డవాళ్ల కోట్లు రాసుకుని వచ్చిన నునుపు అది. వాళ్లలో నా భర్త లెన్ ఒకడు. నవంబరులో పోయాడు.

మార్చిలో ఆ స్తంభం అడుగు పుచ్చిందని తేలింది. తీసేసి ఇనుపది పెట్టిద్దామంది పబ్బు నడిపే థెల్మా.

"పైకప్పు నా నెత్తిన పడ్డాక ఏడ్చి ఏం లాభం, ఐరిస్?"

పబ్బు ఆమెది, నెత్తీ ఆమెదే.

వడ్రంగి ఆంబ్రోస్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. నేలమీద బోర్లా పడుకుని, ఉలితో పొడిచి చూశాడు.

"రెండడుగులే పోయింది మిస్. పైనంతా రాయిలా ఉంది. పుచ్చింది కోసేసి కొత్త ముక్క అతికిస్తే చాలు."

"మరి అతికించవేం? బడిలోనూ ఇంతే, జవాబు తెలిసినా చెయ్యెత్తేవాడివి కాదు."

"బాగా ఎండిన ఓక్ కావాలి మిస్. పచ్చిదైతే ముడుచుకుని అతుకు విడిపోతుంది. అంగుళం మందం ఎండటానికి ఏడాది పడుతుంది. తొమ్మిదంగుళాల దుంగ ఎక్కడా దొరకలేదు. థెల్మా శుక్రవారం దాకానే ఆగుతానంది."

నాకంటే ముందు నా కాలివేళ్లకు గుర్తొచ్చింది. మా షెడ్డు గుమ్మం పక్కన లెన్ పద్నాలుగేళ్ల క్రితం తెచ్చి పడేసిన ఓక్ దుంగ. తగిలినప్పుడల్లా తిట్టేదాన్ని. "ఎందుకిది?" అంటే, "దేనికో దానికి పనికొస్తుందిలే" అనేవాడు.

ఆంబ్రోస్ వచ్చి దాన్ని పిడికిలితో తట్టి విన్నాడు.

"కింద ఇటుకలు పెట్టి గాలి ఆడనిచ్చాడు మిస్. ఒక్క పగులు లేదు."

శుక్రవారం పొద్దున్నే దాన్ని స్తంభం కింద ఏటవాలుగా కోసి అతికించి, కొయ్య మేకులు దిగ్గొట్టాడు. థెల్మా నడుం మీద చేతులేసుకుని చూసింది.

"బతికున్నన్నాళ్లూ లెన్ ఈ స్తంభాన్ని వదల్లేదు. ఇప్పుడేమో దీని కిందే దూరాడు!"

అనేసి గబుక్కున నోరు మూసుకుంది. నాకు నవ్వొచ్చింది. నవంబరు తర్వాత అదే మొదటిసారి. ఆమె చెయ్యి పట్టుకుని, ఆగినందుకు థాంక్స్ చెప్పాను. ఆంబ్రోస్‌కి కూడా చెప్పాను. వాడు చిన్నప్పటిలాగే తల దించుకున్నాడు.

"నల్లరంగు వెయ్యనా మిస్? కొత్తది తెల్లగా కనబడుతోంది."

"కనబడనీ."

వాడు పనిముట్లు సర్దుకుంటుంటే స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాను. లెన్ భుజాలు ఆనిన చోటు నా తల వెనక తగిలింది.

షెడ్డులో ఇప్పుడు కాలికి ఏదీ తగలదు. అయినా గుమ్మం దగ్గర అడుగు ఎత్తే వేస్తున్నాను.