ఇంటి దువ్వెన

రబ్బరు బ్రష్షును గుండ్రంగా తిప్పుతూ పిన్ని ఆ పూట మొదటి కుక్క వీపు రుద్దుతోంది. పొట్టి బొచ్చు కుక్క. ఒంటికి అతుక్కుని ఉండే ఇలాంటి బొచ్చుతో పెద్ద పనేమీ ఉండదు. రాలాల్సిన వెంట్రుకలు రబ్బరుకి అంటుకుని వచ్చేస్తాయి, తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే ఒళ్ళు నిగనిగలాడుతుంది. పనంతా దాని యజమానితోనే. ఆయన బల్ల చుట్టూ తిరుగుతూ సలహాలిస్తున్నాడు. పిన్ని అన్నిటికీ తలూపి తన పని తాను చేసుకుపోతోంది.

నిజానికి ఆమె పిన్ని అయ్యేది కుక్కలకి బొచ్చు దువ్వి స్నానం చేయించే ఆ కొట్టు నడిపే అమ్మాయి ఒక్కదానికే. అక్క ఇంటి ముందుగదిలో ఈ కొట్టు పెట్టిన ఏడాదే కాన్పు వచ్చింది. మూడు నెలలు సాయం ఉండి వెళదామని వచ్చిన చెల్లెలు ముప్పై ఏళ్ళుగా ఉండిపోయింది. ఉండమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. అక్క పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు కుక్కల్ని తెచ్చేవాళ్ళకీ, పశువుల డాక్టరుకీ, పార్సిళ్ళు తెచ్చే అతనికీ కూడా ఆమె పిన్నే. సన్నటి మనిషి, బల్ల మీదికి వంగీ వంగీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. ఊరంతటి కుక్కలకీ దువ్వే ఆమె తన జుట్టు మాత్రం ఎప్పుడో పొట్టిగా కత్తిరించేసుకుంది. దువ్వే ఓపిక లేదంటుంది.

ఆమెకొక పట్టింపు ఉంది. కుక్కతో పాటు ఇంట్లో వాడే దువ్వెన కూడా తేవాలి. మనుషులు ఎన్ని అబద్ధాలైనా చెబుతారు, దువ్వెన చెప్పదు. రెండో కుక్కది గిరజాల బొచ్చు. ఇది ఇంట్లో రాలదు, రాలిన వెంట్రుక గిరజాల్లోనే ఇరుక్కుని జడలు కడుతుంది. పాయ పాయగా విడదీసి చర్మం దాకా దువ్వి, ఆ తర్వాతే కత్తెర పెట్టాలి. రోజూ దువ్వుతూనే ఉంటామండీ అంది దాన్ని తెచ్చినావిడ. ఆవిడ అందించిన దువ్వెన మీద ధర కాగితం ఇంకా ఊడలేదు. పిన్ని ఆ కాగితం పీకి, దువ్వెన తిరిగి ఆవిడ చేతిలో పెట్టింది.

పదిన్నరకి బూడిదరంగు ముసలి కుక్క వచ్చింది. దాన్ని చూడగానే పిన్ని గుమ్మం వైపు చూసింది. పదకొండేళ్ళుగా రెండు నెలలకోసారి ఆ కుక్క వెనకాల ఒక పెద్దావిడ వచ్చేది. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, పిన్నికి ఒక కప్పు పోసి, బల్లకి ఎదురుగా రెండు గంటలు కూర్చునేది. ఇద్దరూ కుక్క గురించి తప్ప మరో మాట మాట్లాడుకోలేదు. ఇవాళ గొలుసు పట్టుకున్నది ఆవిడ కొడుకు, ముప్పై అయిదేళ్ళ మనిషి.

అమ్మ రావట్లేదని మాత్రం చెప్పి, కుక్కకి మొత్తం గుండు కొట్టించెయ్యమన్నాడు. ఇల్లంతా బొచ్చే, అన్నం పళ్ళెంలో కూడా బొచ్చే. భార్యకి ఎనిమిదో నెల. తెలిసినాయనకి ఊరి బయట కలప అడితి ఉంది, కాపలాకి కుక్క కావాలంటున్నాడు. గుండు కొట్టించి చూస్తాం, రాత్రికి కూడా రాలడం ఆగకపోతే రేపు పొద్దున్నే ఆయనొచ్చి తీసుకెళతాడు. ఇదంతా గడియారం చూసుకుంటూ చెప్పాడు. దువ్వెన అడిగితే జేబులోంచి కాగితంలో చుట్టినది తీసిచ్చి, అయిదింటికి వస్తానని వెళ్ళిపోయాడు.

పళ్ళు రెండు విరిగిన నల్ల చెక్క దువ్వెన. కుక్కలది కాదు, మనుషులది. పళ్ళ మొదట్లో కుక్క నూగు, దాంతోపాటు పొడవాటి తెల్ల వెంట్రుకలు.

పిన్ని కుక్కని బల్ల మీదికి ఎత్తింది. దానికి రెండు పొరల బొచ్చు. పైన పొడవుగా, ముతకగా ఒక పొర, దాని కింద ఉన్నిలా మెత్తటి అడుగు బొచ్చు. ఇంట్లో రాలేది ఆ అడుగుదే. ఎండయినా చలయినా ఆ రెండు పొరల మధ్య ఉండే గాలే కుక్కని కాస్తుంది. గొరిగేస్తే అడుగు బొచ్చు ముందు పెరిగి పై దాన్ని రానివ్వదు, ముసలి ఒంటికైతే అసలే రాదు. వచ్చిన కొత్తలో యజమాని అడిగాడని పిన్ని అలాంటి కుక్కనే ఒకదాన్ని గొరిగింది. ఏడాది తర్వాత కూడా అది మచ్చలు మచ్చలుగానే తిరిగింది. ఆ వీధిలోకి వెళ్ళాల్సి వస్తే ఆమె ఇప్పటికీ చుట్టు తిరిగి వెళుతుంది.

"మెషిన్ పెడితే అరగంట పని పిన్నీ. అడిగింది చేసి పంపించెయ్," అంది అక్క కూతురు.

"అయిదు దాకా టైముందిగా. నేను చూస్తాలే."

"పోనీ ముందు స్నానం చేయించు, మెత్తబడుతుంది."

"తడిస్తే చిక్కు ఇంకా బిగుస్తుందే. మీ అమ్మ నీకేం నేర్పిందో ఏమో."

అక్క కూతురు నవ్వి వెళ్ళిపోయింది. పిన్ని ఎడమ అరచేత్తో పై పొర ఎత్తిపట్టి, చర్మం కనిపించేలా పాయ తీసి దువ్వడం మొదలుపెట్టింది. చెవుల వెనక ఉండలు, తొడల మీద ఉండలు. పెద్దావిడ మీద చిరాకేసింది. పైపైన దువ్వితే లాభం లేదని ఎన్నిసార్లు చెప్పింది! అరచెయ్యి పెట్టి మరీ నేర్పింది. పెద్దతనం మీదపడి బద్ధకించిందన్నమాట అనుకుంది. ఒక్కో ఉండనీ వేళ్ళతో విప్పి, దువ్వెన కొసతో విడదీస్తుంటే తల ప్రాణం తోకకొచ్చింది. కుక్క మాత్రం కళ్ళు మూసుకుని నిలబడింది.

మధ్యాహ్నం దాటింది. బల్ల పక్కన బూడిదరంగు నూగు మోకాలెత్తు కుప్పయింది. తోక దగ్గరికి వచ్చేసరికి పిన్ని చెయ్యి ఆగింది.

దువ్వడం మానేసేవాళ్ళు ఒక్కరోజులో మానరు. కుక్క కదులుతోందని ముందు పొట్ట వదిలేస్తారు, తర్వాత తొడల వెనక. చివరికి కనిపించే వీపు ఒక్కటే దువ్వుతారు. అందుకే చిక్కులు ఒక్కోచోట ఒక్కో వయసువి ఉంటాయి. ఈ కుక్కకి అన్నీ ఒకే వయసువి. మెడ కింద, పొట్ట మీద, తోక మొదట్లో, అన్నీ నెల రోజులవే. అంతకు ముందు రోజు దాకా ఎవరో ఒళ్ళంతా చర్మం దాకా దువ్వారు. ఆ మర్నాటి నుంచి ఎక్కడా చెయ్యి పడలేదు. కాలు విరిగి మంచం పట్టినా సరే, కుక్కని దగ్గరికి పిలిచి చెయ్యి అందినంత మేర దువ్వే మనిషి ఆవిడ.

పెద్దావిడ పోయిందని పిన్నికి అప్పుడు తెలిసింది.

ఇంతసేపూ ఆవిణ్ణి తిట్టుకున్నందుకు సిగ్గేసింది, తర్వాత దుఃఖం వచ్చింది. ఆవిడ పేరు కూడా తను ఎప్పుడూ అడగలేదు. కళ్ళు తుడుచుకుని తోక కూడా పూర్తిచేసి, అప్పుడు కుక్కకి స్నానం చేయించింది.

అయిదింటికి కొడుకు వచ్చాడు. గుండు లేని కుక్కని చూసి మొహం ముడుచుకున్నాడు. పిన్ని నూగు నింపిన గోనెసంచి చూపించింది. మీ ఇంట్లో రాలాల్సిందంతా ఇదేనంది.

"అమ్మగారు పోయి నెలయిందా?"

అతను తలెత్తి చూశాడు. "మీకెవరు చెప్పారండీ?"

"అప్పట్నుంచే దీన్ని ఎవరూ దువ్వలేదు. అంతకు ముందు ఒక్కరోజు కూడా మానలేదావిడ."

అతను కుక్క వీపు వైపు చూశాడు. అమ్మ గదిలో కూర్చుని కుక్కతో ఏదో మాట్లాడుతూ ఉండేదని తెలుసు గానీ, ఏం చేస్తోందో ఎప్పుడూ తొంగి చూడలేదన్నాడు. పిన్ని అతని ఎడమ చెయ్యి తీసుకుని కుక్క వీపు మీద పెట్టింది, బొచ్చు ఎత్తిపట్టించింది. కుడిచేతికి స్టీలు దువ్వెన ఇచ్చింది. మొదటిసారి చర్మం గీరుకుని కుక్క ఒళ్ళు జలదరించింది. నాలుగోసారికి చెయ్యి కుదిరింది.

"రోజూ చెయ్యాలా?"

"రోజూ."

"ఎంతసేపండీ?"

"అరగంట. మీ అమ్మగారైతే ఇంకా ఎక్కువే చేసేవారేమో."

అతను దువ్వుతూనే మెడ వంచి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకున్నాడు. రేపు రావద్దండీ, కుక్క ఇంట్లోనే ఉంటుందని అడితి ఆయనకి చెప్పాడు. మళ్ళీ రెండు నెలలకి ఏ రోజు తీసుకురావాలో కూడా తనే అడిగాడు. స్టీలు దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. చెక్కది పిన్ని అందిస్తే మాత్రం వద్దన్నట్టు తలూపాడు.

"అది ఇక్కడే ఉంచండి. ఇంట్లో కనబడితే..." అని ఆగిపోయి, కుక్కతో బయటికి నడిచాడు.

కొట్టు మూసేముందు పిన్ని ఆ రోజు వాడిన దువ్వెనలన్నిటిలోంచీ వెంట్రుకలు లాగి, వేణ్ణీళ్ళ తొట్టిలో వేసింది. చెక్క దువ్వెన కూడా తొట్టి మీద దాకా తెచ్చింది. కాసేపు అలాగే పట్టుకుని, గోడ గూట్లో పెట్టి దీపం ఆర్పింది. విరిగిన రెండు పళ్ళ పక్కన బూడిదరంగు నూగు, దాన్ని చుట్టుకుని మూడో నాలుగో పొడవాటి తెల్ల వెంట్రుకలు అలాగే ఉన్నాయి.