కాబోయే అల్లుడు

బల్ల మీద పాత కంబళి పరిచి, దాని మీద అద్దం పలకను పడుకోబెట్టి, కొలబద్ద ఆనించి, కోత చక్రాన్ని కిరసనాయిలులో ముంచి అతను ఒక్క లాగు లాగాడు. సన్నటి చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెగకుండా సాగింది. చప్పుడు తెగిందంటే గీత తెగిందన్నమాటే. అదే గీత మీద మళ్ళీ గీస్తే అద్దం తనకిష్టమొచ్చిన చోట పగులుతుంది. పలకను బల్ల అంచుకు జరిపి, కింద రెండు దెబ్బలు తట్టి, రెండు చేతులతో వంచాడు. టక్కుమని రెండు ముక్కలైంది. అంచుల్ని రాయితో రుద్ది, గోడకు ఆనించి, తరువాతి పలక ఎత్తుకున్నాడు.

వేళ్ళ నిండా గీతలే. పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా ఉంటాయి. ఎడమ బొటనవేలికి పట్టీ లేని రోజు అరుదు. మనిషి పొడుగూ కాదు, పొట్టీ కాదు. జుట్టు నుదుటి దగ్గర నుంచి ఒక్కొక్కటిగా సెలవు పుచ్చుకుంటోంది. అద్దాల కొట్లో పని చేసేవాడికి ఒక తంటా ఉంది. ఏం చేసినా పదిమంది చూస్తూ ఉంటారు, ఆ పదిమందీ తనే. ఇవాళ పొద్దుటి నుంచి ఆ పదిమంది పెదవులూ కదులుతున్నాయి.

యజమాని గల్లా దగ్గర నుంచి కాసేపు చూసి, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. చెప్పక తప్పలేదు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగబోతున్నానన్నాడు. ఆమెకు తెలియకుండా, ఉన్నట్టుండి అడగాలని.

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిశ్చితార్థమై తొమ్మిదేళ్ళయింది కదయ్యా. ఇంకా అడగడమేంటి?"

అక్కడే ఉంది చిక్కంతా. ఆమె ఉండే వీధిలో అతని పేరు చెబితే ఎవరికీ తెలియదు. కాబోయే అల్లుడంటే పాలు పోసేవాడి దగ్గర నుంచి అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట పెళ్ళి ఇంకో నెల ఉందనగా, పెళ్ళికూతురి తల్లికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆసుపత్రి మంచం మీద ఆవిడ, వంకరపోయిన నోటితో కూడబలుక్కుని ఒక మాట అంది. నా కాళ్ళ మీద నేను నడిచొచ్చి మీ పక్కన నిలబడతాను, అప్పటిదాకా ఆగండి అంది. ఇద్దరూ బుద్ధిమంతులు, తల ఊపారు. ఊపినవాళ్ళు ఊపినట్టే ఉండిపోయారు.

అప్పటి నుంచి మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి ఆవిడను మంచం మీది నుంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి మంచం మీదికీ ఎత్తడం అతని పని. కూతురు పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. కాసేపు కూర్చోండి, పిలుస్తారు అని వచ్చినవాళ్ళకు రోజంతా చెబుతుంది. అందులో ఆమెను మించినవాళ్ళు లేరని అతను ఒకసారి అంటే వారం రోజులు మాట్లాడలేదు. దెబ్బలాటలు మొగుడూ పెళ్ళాల్లాగే ఉండేవి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, గొడుగు ఎవరు పోగొట్టారు, అలాంటివి. తొమ్మిది కొట్టగానే అతను చెప్పులేసుకుని తన అద్దె గదికి పోయేవాడు. పెళ్ళికని కొన్న కుక్కరుకు రెండుసార్లు రబ్బరు మారింది. పెళ్ళికని కుట్టించిన చొక్కా మోచేతుల దగ్గర చిరిగి, ఇప్పుడు కొట్లో అద్దాలు తుడుస్తోంది.

ఇవన్నీ అతనికి బాధ అనిపించలేదు. బాధ మొన్న ఆదివారం మొదలైంది. పార్కులో ఎప్పుడూ కూర్చునే బెంచీ మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ, ఆమె మామూలుగానే అంది.

"ఇప్పుడింక పెళ్ళెందుకులే. ఇలా బాగానే ఉందిగా."

అని నవ్వింది. కోపం ఉంటే అతను సర్దిచెప్పేవాడు, ఏడిస్తే ఓదార్చేవాడు. ఆ నవ్వుకు ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఆమె నిజంగానే పెళ్ళి మీద ఆశ వదిలేసుకుంటుందని భయం పట్టుకుంది. వారమంతా సరిగ్గా నిద్ర లేదు.

అయితే పెద్దావిడ మాట దాటాలంటే ముందు పెద్దావిడకు చెప్పాలి. మధ్యాహ్నం వెళ్ళేసరికి కిటికీ పక్కన మంచం మీద ఆవిడ మేలుకునే ఉంది. రోజూలాగే అతను వంగాడు, ఆవిడ కుడిచెయ్యి అతని మెడ చుట్టూ వేసింది, ఒకటి రెండు అని ఇద్దరూ లెక్కపెట్టుకుని మూడుకు లేచారు. కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనుక దిండు సర్ది, చెవి దగ్గరకు వంగి, పక్కింటివాళ్ళకు వినపడకుండా ఆవిడకు వినపడేంత గట్టిగా చెప్పాడు. మీ మాట తీసెయ్యాలని కాదు, కానీ ఇక ఆగలేను, సాయంత్రం తనని అడుగుతాను, మీరు సరేననాలి అని.

ఆవిడ మొహం అతని వైపు తిప్పింది.

"నా కాళ్ళ కోసం ఆగారా మీరు?"

"మీరే కదా అత్తయ్యా అన్నారు."

"ఏదో ఆ రోజు ఏడుపు ఆపుకోలేక అన్నాను. దాన్ని పట్టుక్కూర్చున్నారా ఇద్దరూ? నేను నీ ధైర్యం కోసం ఆగాను నాయనా. మంచాన పడ్డ అత్త ఉన్న కొంపలోకి రావడానికి వెనకాడుతున్నావనుకున్నాను. గట్టిగా అడిగితే ఈ రావడం కూడా మానేస్తావేమోనని నోరు మూసుకున్నాను."

అతను మంచం అంచు మీద కూలబడ్డాడు. తొమ్మిదేళ్ళు. ఈ మంచానికీ ఆ కుర్చీకీ మధ్య రోజుకు రెండుసార్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని లేచారు. ఒక్కసారైనా, ఏమిటి సంగతి అని ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చి దగ్గు వచ్చింది. అతను మంచినీళ్ళు పట్టాడు. తన కళ్ళు తుడుచుకోవడానికి చొక్కా చేతిని వాడుకున్నాడు.

దగ్గు తగ్గాక ఆవిడ పెత్తనం మొదలెట్టింది. అప్పుడు మీ అన్నయ్యా నువ్వూ నేనూ కూర్చుని మాట్లాడేసుకున్నాం, అది టీ ఇచ్చి వెళ్ళింది, దాన్నెవరూ అడగలేదు అంది. ఉంగరం తొడగడం వేరు, అడగడం వేరు అంది. రేపూ ఎల్లుండీ అంటే కుదరదు, ఇవాళే అడగాలి, నేను గోడ వైపు తిరిగి నిద్ర నటిస్తాను, కానీ ఒక్క ముక్క పోకుండా వింటాను అంది.

"నత్తి నత్తిగా అడిగావంటే లేచి కూర్చుంటాను, చూసుకో."

మధ్యాహ్నం తరువాత కొట్లో అతను ఒక పలక పగలగొట్టాడు. యజమాని పెంకులు ఊడ్చే చీపురు తానే తెచ్చి ఇచ్చి, పెందలాడే వెళ్ళమన్నాడు.

సాయంత్రం మెట్ల మీద పక్కింటి రిటైరైన టీచరమ్మ ఎదురైంది. కూతురు వచ్చేదాకా పెద్దావిడను చూసుకునేది ఆమే. మీ అత్తగారు ఇవాళ నా ప్రాణం తోడేశారంది. తల దువ్వించుకున్నారట, ఉతికిన బట్టలు కట్టించుకున్నారట. బీరువా అంతా వెతికించి, గోల గోలగా ఉందని ఎన్నడో తీసి పడేసిన చెవి మిషను బయటికి తీయించి, కొత్త బ్యాటరీ వేయించుకుని చెవిలో పెట్టించుకున్నారట. ఏదో కచేరీ ఉన్నట్టు ఏమిటీ హడావుడి అని అడిగితే చెప్పలేదట. మీరొచ్చేదాకా ఆగనంటే ఎలాగో నేనే ఇప్పుడే పడుకోబెట్టానని చెప్పి టీచరమ్మ వెళ్ళిపోయింది.

అతను లోపలికి వచ్చాడు. ఆవిడ ఒక కన్ను తెరిచి అతన్ని చూసి, మూసుకుని, మొహం గోడ వైపు తిప్పుకుంది.

కూతురు అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది. వంటగదిలో గిన్నెలు కడుగుతూ, పన్ను పీకకుండానే పారిపోయిన పెద్దమనిషి సంగతి చెబుతోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దుటి నుంచి వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏంటలా నిలబడ్డావు? చెయ్యి కోసుకున్నావా మళ్ళీ?"

"లేదు. నిన్ను నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా? మీ అమ్మ నడిచాక కాదు. ఈ వారంలోనే, ఇక్కడే, ఆ మంచం పక్కనే."

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"వద్దంటే?"

"రేపు మధ్యాహ్నం మామూలుగానే వస్తాను. అత్తయ్యని లేపాలిగా."

ఆమె మొహం తువ్వాలులో దాచుకుంది. భుజాలు కదిలాయి. అతను దగ్గరకు వెళ్ళి ఏం చెయ్యాలో తెలియక తువ్వాలు అంచు పట్టుకున్నాడు. తువ్వాలు లోపలి నుంచి, సరే, చేసుకుంటాను అని వినిపించింది. తొమ్మిదేళ్ళుగా ఈ ముక్క కోసం ఎదురుచూస్తున్నానని కూడా అంది.

కాస్త గట్టిగా చెప్పమన్నాడు. ఎందుకని ఆమె అడిగితే, తలతో మంచం వైపు చూపించి, మధ్యాహ్నం జరిగిందంతా చెప్పాడు. ఆమె ఏడుపులోనే నవ్వుతూ మంచం దగ్గరకు వెళ్ళి, చేసుకుంటానమ్మా అని గట్టిగా చెప్పింది.

"దొంగ నిద్ర చాలు, ఇక లేవండి అత్తయ్యా," అన్నాడతను.

ఆవిడ లేవలేదు. నటన బాగా కుదిరిందని ఇద్దరూ ఇంకాసేపు నవ్వారు. అతను వంగి ఆవిడ చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, ఒకటి, రెండు అన్నాడు. రోజూ ఎత్తే బరువే. కానీ ఆవిడ వైపు నుంచి సాయం లేదు. మెల్లగా మళ్ళీ దిండు మీద పడుకోబెట్టి, ఆమె వైపు చూశాడు. ఆమెకు అర్థమైంది.

వీధి చివర డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయారన్నాడు. కాసేపు కూర్చుని వెళ్ళాడు. టీచరమ్మ తల దగ్గర దీపం పెట్టి, కబురు చెప్పాల్సిన వాళ్ళకు చెప్పడానికి బయటికి వెళ్ళింది. ఇద్దరూ మంచానికి చెరోవైపు కూర్చున్నారు.

"విన్నదంటావా?" అంది ఆమె.

విన్నారని చెప్పెయ్యొచ్చు. ఆమెతో అబద్ధం ఆడటం అతనికి చేతకాదు.

"నేను వచ్చినప్పుడు కన్ను తెరిచి చూశారు. తరవాత నేను నిన్నే చూస్తూ ఉన్నాను."

ఆమె తల ఊపింది. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. అలవాటు కొద్దీ అతను లేచి చెప్పుల వైపు చూశాడు. ఎక్కడికి, అంది ఆమె. అతను మళ్ళీ కూర్చున్నాడు. డాక్టరు తీసి పక్కన పెట్టిన చెవి మిషను, ఆపాలని ఎవరికీ తోచక, కిటికీ గట్టు మీద సన్నగా ఈల వేస్తూనే ఉంది.