మాస్టర్ పాస్ చేసిన చొక్కా

డ్రైవర్ గారికి చావంటే పెద్ద భయం లేదు. రోగులకు తొడిగే ఆ ఆకుపచ్చ గౌనంటేనే ఒళ్ళు మంట. ముందు మెడదాకా మూసేసి, వెనక రెండు ముళ్ళతో సరిపెట్టే ఆ గౌను తొడిగిన మొదటిరోజే, "ముప్పై ఏళ్ళు లారీ నడిపానమ్మాయ్, వెనక డోరు బార్లా తెరుచుకుని ఒక్కనాడూ రోడ్డెక్కలేదు" అన్నారు ఆయాతో. ఆయా నవ్వు ఆపుకోలేక, దుప్పటి సర్దే నెపంతో మొహం అటు తిప్పుకుంది.

ఆ హోమ్‌లో ఆమె పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. మతిమరుపు ముదిరినవాళ్ళూ, ఇక మందులు లాభం లేదని తేలినవాళ్ళూ ఉండే చోటు అది. అలాంటి చోట ఎవరూ నవ్వరని బయటివాళ్ళ నమ్మకం. వాళ్ళకేం తెలుసు! ఆయాకైతే ఇంట్లోకన్నా ఇక్కడే ఎక్కువ కాలక్షేపం.

డ్రైవర్ గారి జబ్బు ఎముకల్లోకి పాకింది. చేతులు కాస్త పైకెత్తితే చాలు, ప్రాణం పోయినంత పని. అందుకే చొక్కా తొడగడం కుదరదు, గౌనే గతి. మహా అయితే రెండు వారాలని డాక్టరమ్మ ఆయనకే చెప్పింది. ఆయన తలూపి, అక్కకు ఫోన్ చేయించుకున్నారు. చిన్నప్పుడే తల్లి పోతే, ఎత్తుకుని పెంచిన అక్క. ఇప్పుడు ఎనభై దాటింది. "కాస్త నీరసమంతే. ఆదివారం వచ్చి చూసి పో" అని ఫోన్ పెట్టేశారు.

తర్వాత ఆయాను దగ్గరకు పిలిచారు.

"అమ్మాయ్, మా అక్క నన్ను చూడటం ఇదే ఆఖరు. ఈ గౌనులో చూసి వెళ్తే, అదే కళ్ళలో మిగిలిపోతుంది. నాకో చొక్కా సంగతి చూడవూ?"

ఈసారి ఆయాకు నవ్వు రాలేదు.

ఆ మాట విని రంగంలోకి దిగింది పక్కమంచం మాస్టర్ గారు. ఒకప్పుడు నలుగురు పనివాళ్ళతో టైలరింగ్ షాపు నడిపిన మనిషి. ఇప్పుడు తను అన్నం తిన్నదీ లేనిదీ తనకే గుర్తుండదు. కానీ డ్రైవర్ గారి సంచిలోని నీలిచారల చొక్కా చేతికివ్వగానే ఆయన వేళ్ళు చురుగ్గా కదిలాయి.

"దీనికింత ఆలోచనెందుకండీ? వీపు మీద నిలువునా కోసి, రెండువైపులా అదనంగా గుడ్డ కలిపి, ఒకదాని మీద ఒకటి పడేలా నాడాలు కుడదాం. చేతులు ఎత్తే పనే లేదు, ముందునుంచి తొడిగేయొచ్చు. ఎదురుగా చూసేవాళ్ళకి నిఖార్సయిన గుండీల చొక్కా!"

సోమవారం మధ్యాహ్నం పని మొదలైంది. కత్తెర ఆయా జేబులో, సూది ఆయా లెక్కలో, ఆయా ఆయన పక్కనే స్టూలు మీద. సాయంత్రానికి ఒక పక్క పూర్తయింది. మంగళవారం మాస్టర్ గారు చొక్కా అందుకుని చిటపటలాడారు.

"ఏ చేతకానివాడు కుట్టాడమ్మా ఇది?"

ఆయా నోరు తెరిచేలోపే కుట్లన్నీ విప్పేశారు. మళ్ళీ మొదటినుంచి కుట్టారు, అచ్చం అలాగే. బుధవారం మళ్ళీ అదే తిట్టు. ఆయా ఉండబట్టలేక, "అయ్యో, మీరే కదా మాస్టర్ గారూ కుట్టింది!" అనేసింది.

పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నారు. "నేనా? నేనెప్పుడు కుట్టాను?" అంటూ మొహం చిన్నబుచ్చుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు సూది ముట్టలేదు, రాత్రి ముద్ద కూడా ముట్టలేదు. పదకొండేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందని ఆయా తనను తానే తిట్టుకుంది. మరిచిపోయిన మనిషికి మరిచిపోయావని చెప్పి ఏం బావుకుంది?

గురువారం పొద్దున్నే ఆయన కోడలికి ఫోన్ చేసింది. కోడలు పకపకా నవ్వింది.

"షాపులోనూ అంతేనండీ! పనివాళ్ళ కుట్లు ఏవీ నచ్చేవి కావు మావయ్యకి. ఆయన సుద్దతో సున్నా చుట్టి పాస్ చేసిందాన్ని మాత్రం ఇక ముట్టుకునేవారు కాదు."

ఆ రోజూ మాస్టర్ గారు తిట్టి, విప్పి, మళ్ళీ కుట్టారు. సాయంత్రం ఆ పక్క ముగియగానే ఆయా చేతులు కట్టుకుని, షాపులో కొత్తగా చేరిన పనివాడిలా నిలబడింది. "మాస్టర్ గారూ, ఇది పాస్ చేస్తారా?" ఆయన కుట్టు మీద వేలు నడిపి, గుడ్డ వెలుగుకు పట్టి చూసి, నీలం సుద్దతో గుండ్రంగా ఒక సున్నా చుట్టారు. శుక్రవారం చొక్కా మడత విప్పి ఆ సున్నా చూశారు.

"ఇది పాసయింది. ముట్టుకోకండి. రెండో పక్క తెండి."

డ్రైవర్ గారు మంచం మీదనుంచే ఈల వేశారు. శనివారం సాయంత్రానికి ఆఖరి నాడా కూడా పడింది.

ఆదివారం పొద్దున చొక్కా తొడిగినప్పుడు డ్రైవర్ గారు ఒక్కసారి కూడా మూలగలేదు. తల దువ్వించుకుని, దిండుకు ఆనుకుని దర్జాగా కూర్చున్నారు. మాస్టర్ గారు అటుగా వచ్చి, కాలరు పట్టుకుని పరీక్షగా చూశారు.

"ఎవరు కుట్టారండీ?"

"ఒక మాస్టర్ ఉన్నాడులెండి."

"చెయ్యి మంచిదే" అని ఒప్పుకోలేక ఒప్పుకున్నారు మాస్టర్ గారు. "మనిషికి మాత్రం కాస్త పొగరుండి ఉంటుంది."

"కాస్తేమిటండీ బాబూ!"

పదకొండింటికి అక్కగారు చేతికర్ర టకటకలాడిస్తూ వచ్చింది. గుమ్మంలోనే ఆగి, తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "నీరసమన్నావు, పెళ్ళికొడుకులా తయారై కూర్చున్నావేంరా! దారిపొడుగునా నా గుండె దడదడలాడింది" అని దులిపేసింది. డ్రైవర్ గారు దగ్గొచ్చేదాకా నవ్వారు. గంటసేపు ఇద్దరూ చిన్ననాటి దొంగతనాలన్నీ ఏకరువు పెట్టుకున్నారు. ఎవరు ఎవరిమీద చాడీలు చెప్పారన్నది ఇప్పటికీ తేలలేదు.

వెళ్ళేముందు ఆవిడ వంగి తమ్ముణ్ణి దగ్గరకు తీసుకుంది. ఆవిడ చెయ్యి దిండుకూ వీపుకూ మధ్యకు వెళ్ళి, టక్కున ఆగింది. తలవైపు నిలబడ్డ ఆయాకు అది కనిపించింది. ముసలి వేళ్ళు నాడాలను ఒక్కొక్కటే తడిమాయి. చారల గుడ్డ చీలిక తడిమాయి, దాని వెనక బయటపడ్డ ఎముకలు తడిమాయి. తమ్ముడి భుజం మీదుగా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఒక నాడా వదులై ఉంది. ఆవిడ చూడకుండానే, నెమ్మదిగా, దాన్ని బిగించి ముడివేసింది. తర్వాత నిటారుగా నిలబడింది.

"చొక్కా భలే ఉందిరా. భుజాల దగ్గరే కాస్త వదులు. సరిగ్గా తిను."

"అలాగే అక్కా" అన్నారు డ్రైవర్ గారు, గర్వంగా.