గుంట కేకు

మా మావయ్యకు మూత కనబడితే చెయ్యి ఊరుకోదు. మావయ్యంటే మా ఆయన తండ్రి. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. వెనక మూత ఊడదీసి లోపల ఏముందో చూడటమే ఆయన బతుకు. చూపు తగ్గి కొట్టు మూసేశాక ఆ చెయ్యి నా వంటింటి మీద పడింది. ఉడికే కూర, కాగే పాలు, చివరికి నా టిఫిను డబ్బా కూడా ఆయన తెరిచి చూడందే గడప దాటవు. చూసి ఊరుకుంటారా, ఒక మాట అనాలి. "నీళ్ళెక్కువ పోశావమ్మాయ్" అనో, "ఇదేంటి, నిన్నటిదేనా?" అనో.

నేను యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తాను. కటింగ్ అక్క, కాజాల పిల్ల, ఇస్త్రీ వదిన, నేను ఒక జట్టు. నెలకోసారి సెలవు రోజున ఒకరింట్లో కలుస్తాం. కొన్న తిండి పెట్టకూడదు, ఇంట్లో చేసిందే పెట్టాలి. అందరివీ ఒకే రకం జీతాలు. గొప్పలు పోవాలంటే వంటలోనే పోవాలి.

కిందటి నెల నా వంతు వచ్చింది. పాత సామాన్ల కొట్లో కొన్న చిన్న ఓవెన్ ఒకటుంది నా దగ్గర. దాని తలుపు సరిగ్గా పడదు, స్టూలు అడ్డం పెట్టాలి. నాలుగు గుడ్ల కేకును రెండు గుడ్లతో సరిపెట్టి, వెన్నకు బదులు రోజూ కాస్త కాస్త దాచిన మీగడ కలిపి లోపల పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి స్టూలు ఓ మూలన ఉంది. మావయ్య కంటికి భూతద్దం బిగించుకుని, తలుపు బార్లా తెరిచి, గడియారాల స్క్రూడ్రైవరుతో కేకును పొడుస్తున్నారు. నన్ను చూసి కంగారుపడి తలుపు ధడేలున వేశారు. పొంగుతున్న కేకు నా కళ్ళముందే కూలబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ చెయ్యి పడితే ఆడే గడియారం కూడా ఆగిపోతుంది!" అనేశాను.

ఆయన భూతద్దం తీసి జేబులో వేసుకున్నారు. "ఇక నీ వంటింట్లో మూత ముట్టుకుంటే ఒట్టు" అని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

ఏడవడానికి కూడా తీరిక లేదు, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినబడింది. చవగ్గా వచ్చాయని కొన్న నల్లబడ్డ అరటిపళ్ళను గబగబా పంచదార పాకంలో మగ్గించి ఆ గుంటలో కుమ్మరించాను. మిగిలిన మీగడ గిలక్కొట్టి పైన పోశాను. ముగ్గురూ పళ్ళేలు నాకినంత పని చేశారు.

"ఈ గుంట ఎలా తెప్పించావే?" అంది కటింగ్ అక్క.

"మా అమ్మమ్మ నేర్పిందక్కా. దీన్ని గుంట కేకంటారు" అన్నాను తడుముకోకుండా. మా అమ్మమ్మ ఓవెన్ అన్నదాన్ని జన్మలో చూడలేదు. వరండాలో మావయ్య దగ్గారు.

"అయితే వచ్చే నెలా ఇక్కడే. ముందే వచ్చి పక్కన నిలబడి నేర్చుకుంటాం" అని తేల్చేసింది అక్క.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. మామూలుగా చేస్తే కేకు బంతిలా పొంగింది. ఇంకోసారి మధ్యలో నేనే తలుపు తీశాను. భయపడుతూ తీసి టక్కున వేశానేమో, అది చలించలేదు. గరిటెతో తవ్వొచ్చు గానీ, పక్కన నిలబడి చూసేవాళ్ళ ముందు తవ్వితే అమ్మమ్మ పరువేం కాను?

మావయ్యకు వల వేశాను. "నేను కొట్టుకెళ్ళొస్తా మావయ్యా. ఓవెన్ తలుపు మాత్రం పొరపాటున కూడా తీయకండి!" అని చెప్పి వీధి చివర కాసేపు నిలబడి వచ్చాను. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

"తీయలేదమ్మాయ్" అన్నారు ఎంతో వినయంగా. లోపల కేకు నిండుగా పొంగి నన్ను వెక్కిరించింది.

కేకు సంగతి అలా ఉంచితే, ఇల్లు బోసిపోయింది. పెట్టింది తిని కంచం కడుక్కుని వెళ్ళిపోతున్నారాయన. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినా పలకలేదు. ఆయన వంకలు లేకపోతే వంట చేయబుద్ధే కావడం లేదు నాకు. అలాగని తప్పయిందనడానికి నోరు రాలేదు, నాకూ పొగరు తక్కువేం కాదు. మా ఆయన్ని మాట్లాడమంటే, "నాకు రెండు పూటలా తిండి కావాలి, మీ మధ్యకి నేను రాను" అని తప్పుకున్నారు.

సెలవు రోజు రానే వచ్చింది. ముగ్గురూ ఓవెన్ చుట్టూ చేరారు. కేకు పొంగసాగింది.

"గుంట ఎప్పుడు పడుతుంది?" అంది ఇస్త్రీ వదిన.

"ఇప్పుడే" అని వరండాలోకి పరిగెత్తాను. "మావయ్యా, ఒక్కసారి లోపలికి రండి."

"నేనెందుకమ్మా? మీ అమ్మమ్మని పిలువు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఆ గడియారం మాట నేను అనకుండా ఉండాల్సింది. తప్పయింది మావయ్యా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "సరే, నాతో అన్నావు. మరి కేకెవరిదో వాళ్ళకెవరు చెప్తారు?"

వంటింట్లోకి వెళ్ళి గట్టిగా చెప్పాను. "దీనికీ మా అమ్మమ్మకీ ఏ సంబంధమూ లేదు. ఇది మా మావయ్య కేకు. ఆయన చెయ్యి పడందే గుంట పడదు."

వెనక్కి తిరిగేసరికి ఆయన గుమ్మంలో ఉన్నారు. భూతద్దం అప్పటికే కంటికి ఉంది, స్క్రూడ్రైవరు చేతిలో ఉంది. స్టూలు జరిపి, తలుపు బార్లా తీసి, వంగి, అన్ని వైపులా తీరిగ్గా చూసి, నడిమధ్యన ఒక పోటు పొడిచి ధడేలున తలుపు వేశారు. కేకు బుద్ధిగా కూలబడింది. కాజాల పిల్ల చప్పట్లు కొట్టింది.

"తలుపు ఎంతసేపు తీసి ఉంచాలి బాబాయ్?" అంది కటింగ్ అక్క.

"చూడాలనిపించినంతసేపు."

"మా ఇంట్లో మావయ్య లేడే! నేనెలా చేసుకోను?"

"ఎప్పుడో చెప్పమ్మా, నేనే వస్తా" అంటూ ఆయన స్క్రూడ్రైవరును చొక్కా అంచుకు తుడిచి జేబుకు తగిలించుకున్నారు. కొట్టుకు వెళ్ళే రోజుల్లో అలాగే తగిలించుకునేవారు.

అందరూ వెళ్ళాక గిన్నెలు తోముతుంటే, వెనక పొయ్యి మీది కూర మూత చప్పుడైంది.

"నీళ్ళెక్కువ పోశావమ్మాయ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరక్కుండానే, "మూత పెట్టండి మావయ్యా, ఆవిరంతా పోతోంది!" అని కసిరాను.